సరుకు దిగకముందే సంతకం

హార్డ్‌వేర్ షాపు. కౌంటరుకు అవతల యజమాని, ఇవతల ఒకప్పటి గోడౌన్ కీపరు. ఇద్దరూ వెళ్లేది ఒకే చర్చికి.

"ట్యాపు వాషరు కోసం ఇంత దూరం వచ్చావా? మీ వీధి చివర కొట్లో లేవా?"

"ఉన్నాయనుకో అన్నా. ఇటు పనిపడి..."

"అరంగుళందేనా?"

"ఏదైనా పర్లేదు."

"ఏదైనా పర్లేదేంటయ్యా! గోడౌన్ కీపరు అనాల్సిన మాటేనా అది? సర్లే, కూర్చో. మొన్న ఆదివారం నువ్వు చర్చిలో చెప్పిన సాక్ష్యం గురించే మా ఆవిడా నేనూ ఇంకా మాట్లాడుకుంటున్నాం. 'దేవుడు నాకు ఉద్యోగం ఇచ్చేశాడు' అని నువ్వనగానే చర్చంతా చప్పట్లు! పాస్టరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు."

"చూశానన్నా."

"ఇంతకీ ఎక్కడ? ఆ ముక్క చెప్పనేలేదు."

"అదీ... స్టోర్సే అన్నా."

"స్టోర్సని తెలుసు. ఎవరి స్టోర్సు?"

"వాషర్లు రెండివ్వన్నా. ఒకటి ఇంట్లో పడుంటుంది."

"వాషర్లు ఎక్కడికీ పోవు. ఇవాళ బుధవారం, ఎండ నెత్తికెక్కే వేళ నువ్విక్కడున్నావు. సెలవా?"

"సెలవు కాదు."

"షిఫ్టా?"

"షిఫ్టూ కాదు."

"మరి?"

"ఉద్యోగం లేదన్నా."

"అప్పుడే పోయిందా!"

"పోలేదు. రాలేదు. అసలింకా రాలేదు."

"రాలేదా? మరి ఆదివారం అంతమంది ముందు..."

"నమ్మి చెప్పానన్నా. నమ్మితే దొరికినట్టేనని బైబిలు వాక్యంలో ఉంది కదా. కంపెనీ మూసినప్పట్నుంచీ ఇవ్వు, ఇవ్వు అని అడుగుతూనే ఉన్నా. అడగడంలోనే అనుమానం ఉందేమో అనిపించింది. ఇచ్చావని ముందే స్తోత్రం చెబితే ఆయన కాదంటాడా అనుకున్నా."

"మీ ఆవిడకి తెలుసా?"

"తెలీదు. ఆదివారం నుంచి వంటింట్లో పాటలు పాడుకుంటోంది. ఎన్నాళ్లకో విన్నాను ఆ గొంతు. ఎలా చెప్పమంటావు? క్యారియరు కట్టిస్తోంది, పట్టుకుని వచ్చేస్తున్నా. చర్చి వెనక మెట్ల మీద కూర్చుని తింటున్నా."

"చర్చి మెట్ల మీదా?"

"ఇంకెక్కడికి పోను? ఫిర్యాదు ఆయన మీదే కదా."

"ఏ కంపెనీ అని ఆవిడా అడగదా?"

"అడిగింది. పెద్ద ఇనప గేటు, లోపల సిమెంటు ర్యాంపు అని చెప్పా. చెప్తుంటే నాకే నిజమనిపించింది."

"ఒక్కటడుగుతాను. పదేళ్లు గోడౌన్ చూసినవాడివి. సరుకు దిగకముందే ముట్టిందని ఏనాడైనా సంతకం పెట్టావా?"

"ఒక్కసారీ లేదు. లారీవాడు ఎంత మొత్తుకున్నా, ప్రతి పెట్టెనీ చూసుకునే సంతకం పెట్టేవాణ్ణి."

"మరి ఇక్కడేమైంది?"

"దేవుడి దగ్గర కూడా సరిచూసుకోవాలా అన్నా?"

"ఆయన దగ్గర అక్కర్లేదయ్యా. నీ సంతకం చూసింది మేం. చూసి షట్టరు దించేశాం."

"షట్టరేంటి?"

"ఏం లేదులే. ఇదిగో, వాషర్లు తీసుకో."

"ఏదో అనబోయావు."

"వదిలెయ్ తమ్ముడూ."

"నేను వాషర్ల కోసం రాలేదన్నా. వెనక గోడౌన్‌కి మనిషి కావాలని నువ్వు పాస్టరుగారితో అంటుంటే పోయిన నెల విన్నా. అప్పుడే అడుగుదామనుకున్నా. నేనే దేబిరిస్తే అది నమ్మకమెలా అవుతుంది, ఆయనే పిలిపిస్తాడులే అని ఊరుకున్నా."

"నువ్వే అడుగుతావని నేనూ ఊరుకున్నానయ్యా! పెద్ద కంపెనీలో చేసినవాణ్ణి మా కొట్లోకి రమ్మంటే చిన్నబుచ్చుకుంటాడేమోనని. చూశాను, చూశాను. ఆదివారం నీ సాక్ష్యం విన్నాక, సరే, దేవుడే తేల్చేశాడు అనుకుని..."

"అనుకుని?"

"మర్నాడే ఒకతన్ని పెట్టుకున్నా."

"ఎవర్ని?"

"మన చర్చిలో డ్రమ్స్ వాయించేవాడు లేడూ? అతనే. ఏడాదిగా పని లేక, దేవుడి మీద అలిగి, చర్చి గుమ్మం తొక్కడం మానేశాడు. ఆ ఆదివారం పెళ్లాం పోరు పడలేక వచ్చి చివర్న కూర్చున్నాడట. నీ మాట చెవినపడింది."

"నా మాటా?"

"సోమవారం పొద్దున్నే వచ్చి, నువ్విప్పుడున్న చోటే నిలబడి, 'ఆ అన్నకిచ్చిన దేవుడు నాకెందుకివ్వడు?' అన్నాడు. ఏమనను? ముగ్గురు పిల్లలు."

"ఇద్దరికీ చోటు..."

"ఇద్దర్ని మోసే బేరాలు కావు తమ్ముడూ. ఉంటే నీచేత ఇంతసేపు అడిగించుకుంటానా? ఉష్, వస్తున్నాడు."

"అన్నా, వందనాలు! నువ్వేంటిక్కడ? డ్యూటీ లేదా?"

"ఇటు... పని మీదొచ్చా తమ్ముడూ."

"ఇవిగో చూడు, గోడౌన్ తాళాలు! నీ సాక్ష్యమే అన్నా నన్ను లేపి నిలబెట్టింది. వచ్చే ఆదివారం నేనూ చెప్తున్నా. నువ్వు పక్కన నిలబడాలి."

"నిలబడతాలే."

"ఇప్పుడో చిన్న ప్రార్థన చెయ్యన్నా. ఈ సరుకంతా చూస్తే గుండె దడగా ఉంది. నీ ప్రార్థన ఆయన వెంటనే వింటాడు."

"బేరాల వేళ ప్రార్థనేంటయ్యా? అతన్ని పోనీ, ఆలస్యమవుతుంది."

"పర్లేదన్నా, నాకేం ఆలస్యం లేదు. తల వంచు తమ్ముడూ. తండ్రీ, ఇతనికిచ్చిన పనికి స్తోత్రం. ఇది ఇతని చేతిలోంచి జారనివ్వకు. లారీవాళ్లు తొందరపెడతారు, సరుకు దిగేదాకా సంతకం పెట్టనివ్వకు. నేను పెట్టినదాని సంగతి... నువ్వే చూసుకో. ఆమేన్."