బొజ్జిరెడ్డి జీపు కిందనున్న చప్పుడు

బొజ్జిరెడ్డని ఒకడున్నాడు, మా కొండమీదోడే. ఊరంతటికీ ఒక్క జీపుంటే అది ఆడిదే. చిన్న జీపనుకోండి, ఆరుగురు పట్టే దాంట్లో పదహారుమంది కూర్చుంటాం, అది వేరే సంగతి. మా దారి తెలుసుగదా, దారి కాదది, రాళ్లు. సంతకి పోయినప్పుడల్లా బండి పొట్ట రాళ్లకి కొట్టుకునేది. ఇలాక్కాదని ఈడేం చేసేడంటే, దిగువనుంచి బండి బరువు మోసే కొత్త కమాను పట్టీలు తెచ్చి, బండిని జాకీతో లేపి, మొద్దుల మీద నిలబెట్టి, ఇంటికాడే ఆడే బెత్తెడెత్తు పెంచేసేడు. నాలుగు చక్రాలూ గాల్లో యేలాడతా ఉండగానే బోల్టులన్నీ గట్టిగా బిగించేసేడు. ఎవరిచేతా చెయ్యించుకోలేదని ఆడికి మా గొప్ప. మరుసటి సంతకి ఏమైందంటే, మేవందరం ఎక్కి ఘాటీ దిగతా ఉంటే కింద ఎక్కడో కుయ్యిమంటాది. గోతిలో పడితే టకామంటాది, మలుపు తిరిగితే మళ్లీ కుయ్యిమంటాది. ఆడవాళ్లు కొంగులు నోట్లో పెట్టుకున్నారు. ఇరిగిపోద్దేటిరా బొజ్జీ అనడిగితే, ఇరగదు, కొత్త సామాను గదా, సర్దుకుంటాదన్నాడు. సర్దుకోలేదు.

మూడు నెలలు తిరిగేడు ఆ చప్పుడెనకాల. ఇంటికాడ ఒక్కడే ఎక్కి ఊరిచుట్టూ తోలేడంట, చప్పుడు లేదు. రాళ్ల మీద తోలేడంట, లేదు. దిగువ సెంటర్లో మస్తానని ఒకడి షెడ్డుంది, మంచి పనోడు, ఆడికాడికి తీసుకెళ్లేడు. ఇక్కడో మాట చెప్పాలి. సంతరోజు షెడ్డు కాడ బండాగడం ఆలస్యం, మేవందరం మూటలు నెత్తినెట్టుకుని దిగిపోతాం. మరి బేరాలు పోతాయిగదా. మస్తాను కిందకి దూరేసరికి బండి ఖాళీ. ఖాళీ బండి నోరు మెదపదు. ఆడు చూసి, షాకబ్జర్లు మార్చేడు. ఇంకో సంతకి గ్రీజు కొట్టేడు. ఇంకో సంతకి సైలెన్సరు కదులతందేమోనని బిగించేడు. తిరుగు దారిలో మేవెక్కితే మళ్లీ కుయ్యి. ఆఖరికి బొజ్జిరెడ్డి ఏమన్నాడంటే, బండిలో ఏం లేదు, చప్పుడంతా జనం చెవుల్లో ఉందన్నాడంట. ఇనండి మరి.

అప్పటికి ఆడి పెళ్లాం పండమ్మకి తొమ్మిదో నెల. దిగువ ఆస్పత్రిలోనే పురుడన్నారు. అది మొండికేసింది. ఆ బండెక్కను, మలుపులో అది ఇరిగితే నేనూ నా కడుపులోదీ లోయలో ఉంటాం, నలుగురు మోస్తే డోలీలో పోతానంది. డోలీ అనేసరికి దాని తల్లి లచ్చాయమ్మకి గుండె జారిపోయింది. ఎందుకంటే ఆవిడ పెద్దకూతురు డోలీలోనే పోయింది, నొప్పులు పడతా పడతా, వాగు దాటకుండానే. ఆ డోలీ పక్కన నడిచింది లచ్చాయమ్మే. ఇప్పుడీ చిన్నదాన్ని కూడా డోలీ ఎక్కించాలంటే ఆవిడికి ప్రాణం ఒప్పుకోలేదు. మరి మా కాడ అత్తా అల్లుడూ మాటాడుకోరు గదా. ఎదురుపడరు, పేరెత్తరు. ఆరేళ్లయ్యింది పెళ్లయ్యి, ఆవిడ గొంతెలాగుంటాదో బొజ్జిరెడ్డికి తెలీదు. సంతకి ఆ బండిలోనే పోద్ది, ఆడి మొహం కనబడకుండా ఎనకాల చివర, ఎడంపక్క చక్రం మీద కూర్చుంటాది. అందుకని కూతురితో చెప్పిందంట, చప్పుడు నా కిందే ఉంది, మేవెక్కితేనే వస్తాది, దిగితే పోద్ది అని మీ ఆయనకి చెప్పవే అని. అది చెప్పింది. ఆడు నవ్వి, మీ అమ్మ ఎప్పుడు నేర్చుకుందే మెకానిక్కు పని అన్నాడంట. అయిపోయింది. మళ్లీ చెప్పింది, మళ్లీ అదే మాట. ఊళ్లో డోలీకి వెదురుబొంగు కొట్టుకొచ్చేరు కూడాను.

ఆ సంతరోజు షెడ్డు కాడ అందరం దిగేం. లచ్చాయమ్మ దిగలేదు. మస్తాను చూసి, దిగు మామ్మా, కిందకి దూరాలి అన్నాడంట. కదల్లేదు. బొజ్జిరెడ్డి అత్తని దిగమని తను అనకూడదు, పక్కకి తిరిగి నిలబడ్డాడు. అప్పుడావిడ మొహమ్మీదకి కొంగు లాక్కుని, అల్లుడి వైపు తిరిగి అందంట:

"బాబూ, నీతోనే మాటాడతన్నాను. నేను దిగను. నే దిగితే అది మూగదైపోద్ది. నా కూతురు డోలీ ఎక్కకూడదు. దూరి చూడు, నా కిందే."

బొజ్జిరెడ్డి చేతిలో పానా కిందపడిపోయిందంట. తిన్నగా సంతలోకి పరిగెత్తుకొచ్చి, చీపుళ్లు అమ్ముకుంటున్నోళ్లనీ చింతపండు అమ్ముకుంటున్నోళ్లనీ రెక్కపట్టుకుని లాక్కెళ్లి మళ్లీ బండెక్కించేడు. ఆవిడతో కలిసి పదహారుమందిమయ్యేం. మస్తాను కిందకి దూరి, ఊగండర్రా అన్నాడు. ఊగేం. కుయ్యిమంది. కమాను చివర బోల్టు చుట్టూ ఉండే రబ్బరు బుష్షు మీద చెయ్యేసి చూస్తే, అక్కడే, లచ్చాయమ్మ కింద. బయటికొచ్చి చెప్పేడు: చక్రాలు గాల్లో ఉండగా బిగించేవురా నువ్వు, బరువు పడేసరికి ఆ రబ్బరు మెలిపడి చిరిగిపోయింది, కొత్తదేసినా సరే జనం కూర్చున్నాకే బిగించాలి అని. కొత్త బుష్షులేసి, బండిని నేలమీదకి దించి, మమ్మల్ని బొమ్మల్లాగ కూర్చోబెట్టి బోల్టులు బిగించేడు. సంతంతా చుట్టూ చేరి నవ్వింది. ఆ సాయంత్రం ఘాటీ ఎక్కతా ఉంటే ఒక్కరం మాటాడితే ఒట్టు, చప్పుడొస్తాదేమోనని ఇంటా కూర్చున్నాం. ఏం లేదు, ఇంజను తప్ప.

వారానికి పండమ్మకి నొప్పులొస్తే పట్టపగలు ఆ బండిలోనే దింపేరు. ఆడపిల్ల, తల్లీ పిల్లా బాగానే ఉన్నారు. పెద్దోళ్లు కూర్చుని, అల్లుడితో మాటాడింది గనక లచ్చాయమ్మకి తప్పేసేరు, ఊరికి కోడి కొయ్యమన్నారు. ఆవిడ రెండు కోసింది. మళ్లీ ఈ రోజుదాకా అల్లుడితో మాటాడలేదు. తెగువంటే ఆవిడదని అందరూ అంటారు, నేనూ అంటాను. కానీ ఒకటి చెప్తాను ఇనండి. ఆవిడ పక్క సీటు నాది. ఆ చప్పుడు ఎక్కడుందో, ఎప్పుడొస్తాదో మూడు నెలలుగా నాకూ తెలుసు. బొజ్జిగాడితో మాటాడకూడదని నాకు ఏ కట్టూ లేదు. ఏం చేసేనంటే, చీపుళ్లకి బేరం పోద్దని షెడ్డు కాడ అందరికన్నా ముందు దిగిపోయేను.