సెట్టు వెనక ఫ్యాన్

జ్వరంతో పడుకున్న అక్కను చూసి, ఆమె నేరుగా, బావ దూరదూరాలవాళ్ళతో మాట్లాడే హామ్ రేడియో గదిలోకి వచ్చింది. సెట్టు వెనక ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది.

“బావా, అక్క ఫ్యాన్ ఇక్కడేం చేస్తోంది?”

“ఆగకుండా మాట్లాడుతుంటే సెట్టు కాలిపోతుంది. గాలి తగలాలి.”

“అక్క ఒళ్ళు పెనంలా ఉంది. దానికి తగలక్కర్లేదా?”

“తనే ఇచ్చింది. వద్దన్నా వినలేదు.”

“తుఫానులో చిక్కుకున్నవాళ్ళ కబుర్లు మీరే అందిస్తున్నారట. అందుకే తీసుకెళ్ళమన్నానంది.”

“ఆ పని నిన్నటితో అయిపోయింది.”

“మరి పొద్దుట్నుంచి ఎవరితో మాట్లాడుతున్నారు?”

“పోటీ జరుగుతోంది. ఎక్కువమందితో మాట్లాడినవాడు గెలుస్తాడు.”

“గెలిస్తే ఏమిస్తారు?”

“ఒక కాగితం.”

“ఫ్యాన్ లేకుండా కుదరదా?”

“పవర్ సగానికి తగ్గించి, మధ్యమధ్య ఆపుతూ మాట్లాడితే కుదురుతుంది.”

“అయితే?”

“అయితే ఓడిపోతాను.”

అతను సెట్టు కట్టేసి, ఫ్యాన్ ప్లగ్గు పీకి, ఆమె చేతికివ్వబోయాడు.

“నాకెందుకు? మీరే పట్టుకెళ్ళండి. వాళ్ళంతా ఒడ్డెక్కారా అని అక్క కళ్ళు తెరిచినప్పుడల్లా అడుగుతోంది. ఆ జవాబు కూడా మీరే చెప్పండి.”