పదింట ఒక కాయ

“బొరుసే పడుతుందత్తా.”

“ఎందుకు?”

“మూడుసార్లూ బొమ్మే పడింది కదా. ఇప్పుడు బొరుసు వంతు.”

“వంతా? రేషన్ షాపు దగ్గర వరసలో నిలబడిందా ఏంటి? రూపాయి బిళ్ళకి బుర్ర లేదే దుర్గాశ్రీ. ఇందాక ఏం పడిందో దానికి గుర్తుండదు. నీకూ ఉండదనుకో, అది వేరే సంగతి.”

అల్లవరంలో, ఇంటి వెనక కొబ్బరికాయల రాశి పక్కన కూర్చుని, సత్యవేణి తన అన్న కూతురికి తొమ్మిదో తరగతి లెక్కల్లో సంభావ్యత చెబుతోంది.

“మా సారు కూడా వంతనే అన్నారత్తా.”

“మీ సారా! పరీక్షకి ముందు పెన్నులకి కుంకం పెట్టిస్తాడే, ఆయనేనా? ఆయన చెప్పేది లెక్కలు కాదు, సోది. సరే, ఆ రాశి చూడు. పది కాయల్లో ఒకటి కుళ్ళుది ఉందనుకో. కళ్ళు మూసుకుని ఒకటి తీస్తే కుళ్ళుది వచ్చే సంభావ్యత ఎంత?”

“పదింట ఒకటి.”

“అబ్బో. మరి కుళ్ళుది వస్తే తప్పు కాయదా, ఆ ఇంట్లో పిల్లదా?”

“రాజోలు వాళ్ళ గురించి అంటున్నావా అత్తా?”

“లెక్క గురించి అంటున్నాను.”

“నిన్ను చూసుకుని, నచ్చిందని, మాట ఖాయం చేద్దామని దేవుడి దగ్గర కాయ కొట్టగానే కుళ్ళిందని లేచి వెళ్ళిపోయేరు కదా.”

“కాఫీలు తాగేసి మరీ వెళ్ళేరు. పెళ్ళికొడుకు ఇంజనీరట! కాయ వంక చూసేడు, వాళ్ళమ్మ వంక చూసేడు, చెప్పులు వెతుక్కున్నాడు. పదింట ఒకటికి జడిసేవాడు వంతెన కడితే, నేనైతే పడవెక్కుతాను.”

“కొత్తపేట వాళ్ళప్పుడు కూడా…”

“వాళ్ళ మేనమామ ‘అపశకునం’ అన్నాడు, పెళ్ళికొడుకు ‘ఆయ్’ అన్నాడు. పుట్టి బుద్ధెరిగి ఆయన సొంతంగా అన్న మాట అదొక్కటే అయ్యుంటుంది.”

“మామిడికుదురు వాళ్ళప్పుడూ కుళ్ళింది.”

“కుళ్ళింది. అయితే? కాయకీ ఏం గుర్తుండదు. నాకేదో దోషం ఉందని ఊరంతా అంటోంది, నువ్వూ మొదలుపెట్టకు.”

“దోషం అనట్లేదత్తా. లెక్క వేస్తున్నాను.”

“ఏం లెక్క?”

“మూడుసార్లూ కుళ్ళుదే రావాలంటే, పదింట ఒకటిని మూడుసార్లు గుణించాలి. వెయ్యింట ఒకటి.”

“వస్తుంది. వెయ్యింట ఒకటి కూడా వస్తుంది.”

“కళ్ళు మూసుకుని తీస్తే.”

“ఏంటీ?”

“మనింట్లో కళ్ళు మూసుకుని ఎవరు తీస్తారత్తా? అందరం ఊపి చూసే తీస్తాం. లోపల నీళ్ళు పలికితే మంచిది, పలక్కపోతే కుళ్ళుది. నాకు నేర్పింది నువ్వే.”

“సత్యా! ఓ సత్యవేణీ! రేపు అప్పనపల్లి వాళ్ళు పొద్దున్నే వచ్చేస్తారు. దేవుడి దగ్గరికి కాయ తీసేవా?”

“నానమ్మ అడుగుతోంది.”

“నాకూ చెవులున్నాయి. తీస్తున్నానమ్మా!”

“ఆ మూడుసార్లూ కాయ నువ్వే తీసేవు కదత్తా.”

“నోర్ముయ్.”

“ఆయ్.”

“ఎవరితోనైనా అన్నావా?”

“లేదు. పెళ్ళి ఇష్టం లేకపోతే నాన్నతో చెప్పొచ్చు కదా.”

“ఇష్టం లేదని ఎవరన్నారే, మట్టిబుర్రా?”

“మరి?”

“ఒక్కడైనా… ‘కుళ్ళితే కుళ్ళింది, ఇంకో కాయ తెండి’ అంటాడేమోనని. అంత చిన్న మాట. ఆ పెద్ద పెద్ద చదువుల్లో ఎవడికీ ఎవరూ నేర్పలేదు.”

“అలా అనేవాడు వచ్చే సంభావ్యత ఎంతత్తా?”

“ఇంతవరకూ సున్నా.”

“రేపొచ్చే ఆయన?”

“రొయ్యల చెరువులున్నాయట. ఫోనులో రెండుసార్లు నవ్వించేడు. మూడోసారి నవ్వించేలోపు పెట్టేసేను.”

“ఎందుకూ?”

“నవ్వించడం పెద్ద విద్యేం కాదు. ఇదిగో, ఇది పట్టుకెళ్ళి దేవుడి దగ్గర పెట్టు.”

“ఇది పలకట్లేదత్తా.”

“పెట్టమన్నానా.”

“ఆయన కూడా లేచి వెళ్ళిపోతే?”

“పోతే పోయేడు. మిగతావాళ్ళు పోలేదా?”

“మిగతావాళ్ళు నవ్వించలేదు కదా.”

“వాగింది చాలు. వెళ్ళి పెట్టు.”

“పెడతాలే అత్తా. కానీ పలికేది ఒకటి ఏరి దీని పక్కనే పెడతాను. ‘ఇంకో కాయ తెండి’ అని ఆయన అంటే వెతుక్కోకుండా. ఇది పనికొస్తుందా?”

“ఏదీ, ఇలా ఇయ్యి. ఇది కాదు… ఇదీ కాదు… ఆఁ, ఇది పెట్టు. ఇది బాగా పలుకుతోంది.”