మట్టిబొమ్మ అరుపు

పెద్దవాళ్ల కోసం తీస్తున్న ఆ చిన్న యానిమేషన్ సినిమాలో స్టూడియో యజమాని పోలికలతో చేసిన మట్టిబొమ్మ నడుం దాకా కీమా మిషన్లో దిగింది. సినిమా తీస్తున్న ఆమె బొమ్మను వెంట్రుకవాసి జరిపి, ఫొటో తీసి, మళ్లీ జరుపుతోంది. శబ్దాలు చేర్చే ముసలాయన పక్కన కూర్చుని చూస్తున్నాడు.

"ఒక్కసారే నలిపెయ్యకూడదా తల్లీ?"

"నా పోయిన సినిమాలో నా పేరు తీసేసి తన పేరు వేసుకున్నాడు బాబాయ్. తీరిగ్గా చావనీ."

"అదే బట్టతల, అదే పుట్టుమచ్చ! రేపు సినిమా వేసినప్పుడు ముందు వరసలో కూర్చుంటాడుగా?"

"కూర్చోవాలనే పిలిచాను."

"మిషన్ చప్పుడుకి బిస్కెట్లు నలిపాను, జనం పగలబడి నవ్వుతారు. ఈ బొమ్మ మొహం చూస్తే మాత్రం నాకు నవ్వు రావట్లేదు. ఎక్కణ్ణుంచి తెచ్చావీ అరుపు?"

"అద్దం ముందు నేనే అరిచి, చూస్తూ మలిచాను."

"అదీ సంగతి. మచ్చ వాడిదే, కళ్లు నీవి."

ఆమె చెయ్యి ఆగిపోయింది. పేరు తీసేశాడని తెలిసి ఆ యజమాని గదిలోంచి తను బయటికొచ్చిన రోజు లిఫ్టు అద్దంలో కనిపించిన కళ్లే అవి. ముసలాయన తడిగుడ్డతో ఆమె వేళ్లకంటిన మట్టి తుడిచాడు.

"మార్చేస్తావా?"

"మార్చను. ఆ రోజు నా మొహంలోకి చూడలేదు వాడు. రేపు తన మొహంలోనే నా కళ్లు చూస్తాడు."

"అయితే ఆ అరుపుకి గొంతు కూడా నీదే పెడదాం," అంటూ ఆయన మైకు ఆమె ముందుకు జరిపాడు.