మంత్రి పోయినాక తిప్పన్న ఆడిన ఆట

తిప్పన్న అని ఒక మంగలాయన ఉండెనంట గుండ్లకోటలో. పాలెగానికి దినామూ గడ్డం గీసేది ఆయన పనే. గీయించుకునేటప్పుడు పాలెగాడు ఊరికే కూచోడు, ఎదురుగా చదరంగం పలక పెట్టుకుని కరణంతో ఆడతాంటాడు. ఈయన చేయి గడ్డం మీద, కండ్లు పలక మీద. అట్ల పన్నెండేండ్లు చూసినాడనుకో. ఒక్క కాయ కూడా ముట్టింది లేదు, ముట్టనిచ్చేదెవరు? ఇంటికొచ్చి తమ్ముడు సుంకన్నతో బండ మీద బొగ్గుతో గళ్ళు గీసి, చింతగింజలూ గులకరాళ్ళూ పెట్టి ఆడుకునేవాడంట. ఆ తమ్ముడంటే ఈయనకు పానం. అమ్మా నాయనా పోయినాక వాణ్ణి భుజాన ఎత్తుకుని పెంచింది ఈయనే. ఏమైందంటే, ఆ ఏడు వానలకు కోటగోడ పడిపాయె. ఊరంతా వచ్చి వెట్టికి రాళ్ళు మోయల్లని పాలెగాడు చాటింపు వేయించినాడు. వెట్టంటే మీకు తెలుసు కదా, కూలీ లేదు నాలీ లేదు, పిలిస్తే పోవల్ల. సుంకన్న పోలే. నా చేను ఎండిపోతాంది, నేను రానుపో అన్నాడంట. అన్నది వాడొక్కడే, విన్నది ఊరంతా. మర్నాడు ఇంకో పదిమంది రాలే. ఇంక పాలెగాడు ఊరుకుంటాడా, సుంకన్నను పట్టి తెప్పించి కోటలో చీకటికొట్లో వేసినాడు.

పది దినాలాయె. సుంకన్న పెండ్లాం రామక్క పొద్దున లేస్తే బావ వాకిట్లో నిలబడి ఏడుస్తాది. ఈయన మాత్రం ఏం చేస్తాడు? ఒక పొద్దు గడ్డం గీసేది అయిపోయినాక కత్తి తుడిచి సంచిలో పెట్టుకుని, దొరా, తమ్ముణ్ణి వదిలిపెట్టు, వాని రాళ్ళు కూడా నేనే మోస్తా అని కాళ్ళు పట్టుకున్నాడంట. పాలెగాడు నవ్వినాడు. ఇన్నేండ్లూ నా ఆట చూస్తానే ఉండావు కదరా, నాకు తెలీదనుకున్నావా, రా కూచో, గెలిస్తే నీ తమ్ముణ్ణి తీస్కపో, ఓడితే నువ్వూ వాని పక్కనే పడుండు అన్నాడంట. తప్పొప్పులు చెప్పేదానికి కరణాన్ని పక్కన కూచోబెట్టినాడు. కోటలో పనోళ్ళంతా చుట్టూ మూగినారు.

మొదట్లో బాగానే ఆడినాడంట తిప్పన్న. పాలెగాని బంట్లు రెండు కొట్టినాడు, గుర్రాన్ని వెనక్కి తరిమినాడు. ఇంతలో పలక మీద ఈగ వాలె. ఈయన అలవాటు కొద్దీ చేత్తో ఇట్ల విసిరినాడు, చిటికెనవేలు తన మంత్రికే తగిలింది. అంతే. ముట్టుకున్న కాయ కదిలి తీరల్ల అన్నాడు పాలెగాడు. ఈగను తోలినా దొరా అంటే వినడు. కరణం దిక్కు చూస్తే కరణం తల దించుకుని, ముట్టింది ముట్టిందే అన్నాడంట. మంత్రి ఎటుపోయినా చచ్చే గళ్ళే. జరిపినాడు, పాలెగాని ఏనుగు వచ్చి కొట్టేసింది. చదరంగంలో మంత్రి పోయినాక ఏముంటుంది చెప్పండి? చుట్టూ ఉండేవాళ్ళు అయిపాయె, లేసి పోరా అని నవ్వతాండారు. తిప్పన్నకు కూడా లేసిపోవాలనే ఉండె. లేస్తే ఓడినట్టే, పోయేది చీకటికొట్లోకే, అందుకే కూచున్నాడు. కూచుని ఆ ఖాళీ గడి దిక్కే చూస్తాండాడు, చూస్తాండాడు. చూసి చూసి, పోయినదాన్ని ఎంతసేపు చూసినా ఏముంది అనుకుని కండ్లు తుడుచుకుని, ఉండేవాటిని లెక్కపెట్టుకున్నాడు. ఒక ఏనుగు, రెండు గుర్రాలు, ఒక శకటు, ఆరు బంట్లు.

అప్పుట్నుంచి ఆట మార్చినాడు. కాయకు కాయ కొట్టుకోడం మానేసినాడు. ఒకటి కదిలితే దాని వెనక ఇంకోటి నిలబడల్ల, ఒంటిగా ఏదీ పోకూడదు. పాలెగానికేమో తొందరగా గెలవాలని లేదు, ఏడిపించి గెలవాలని ఉంది. మంత్రిని పెట్టుకుని బంట్ల వెంట పడినాడు, ఒకటి కొట్టి నవ్వేది, ఒకటి కొట్టి నవ్వేది. అన్నాలపొద్దు అయింది. పాలెగాడు ఆడనే పళ్ళెం తెప్పించుకుని తింటానే ఆడినాడు. తిప్పన్నకు మంచినీళ్ళు కూడా ఇచ్చినోడు లేడు. ఆ తినే సందులో తిప్పన్న అంచు వెంబడి ఒక బంటును తోసుకుంటా, తోసుకుంటా, అవతలి కొసన కడా గడికి చేర్చినాడు. కడా గడికి చేరిన బంటు మంత్రి కావల్ల కదా, ఆటంటే అది కదా. తిప్పన్న, మంత్రి దొరా అన్నాడంట. పాలెగాడు చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, నిదానంగా అన్నాడు: "మంగలోని బంటు యాడికి పోయినా బంటేరా." కరణం, అవును దొరా అన్నాడు. చూడండి, ఒకే ఆటలో రెండుసార్లు పాయె మంత్రి. మొదటిసారి కండ్లనీళ్ళు వచ్చినాయి, ఈసారి అవి కూడా రాలే. మళ్ళీ ఉండేవాటిని లెక్కపెట్టుకున్నాడంతే.

పాలెగాడు ఇంకా నవ్వుతానే తన మంత్రిని తీసుకపోయి తన రాజు దగ్గర్లోనే పెట్టినాడు. చూసుకోలే. తిప్పన్న గుర్రం ఎగిరి రాజుకు షా చెప్పింది, ఆ ఎగురుడులోనే మంత్రి మీద కూడా గురిపెట్టింది. రాజు తప్పుకోవల్ల, తప్పుకుంటే మంత్రి పోవల్ల. పాయె. నవ్వేవాళ్ళు నిలిచిపోయినారు. ఆడ్నుంచి ఏనుగూ గుర్రమూ కలిసి రాజును మూల గడికి తోసినాయి. పొద్దు వాలేవేళకు తిప్పన్న, ఆటకట్టు దొరా అన్నాడు, మెల్లగా. కరణం పలక దిక్కు చూసినాడు, పాలెగాని దిక్కు చూసినాడు.

పాలెగానికి కోపమొస్తాదని కదా మీరు అనుకుంటాండేది? రాలే. సుంకా అని కేకేసినాడంట. కొట్లో ఉండాల్సినోడు లోపలి వాకిలిలోంచి వచ్చినాడు. తలకు కొత్త రుమాలు, చేతిలో కట్టె, ముఖం నున్నగా ఉంది. ఎనిమిది దినాల కిందటే లొంగిపోయినాడంట, వెట్టోళ్ళ మీద మేస్త్రీని చేస్తానని ఎవరికీ తెలీకుండా లోపలే ఉంచి మేపినాడంట పాలెగాడు. అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకున్నారు. సుంకన్న తల తిప్పుకుని, "నిన్నెవరు ఆడమన్నారన్నా? నేనడిగితినా?" అన్నాడు. తిప్పన్న పాలెగాని దిక్కు తిరిగి, మరి పొద్దున్నుంచి నన్నెందుకు ఆడించినావు దొరా అని అడిగినాడంట. పాలెగాడు ఆవలించి, "పొద్దు పోలేదురా" అన్నాడు.

బయటికి వస్తే కోట వాకిలి కాడ రామక్క, మొగునికని సంగటి ముద్ద గుడ్డలో కట్టుకుని కూచోనుంది. ఏం చెప్తాడు? వాడు బాగుండాడమ్మా, తింటాండాడు, రాడు అన్నాడు. ఆయమ్మ మూట విప్పి ఆయన ముందర పెట్టింది. నువ్వు తిను బావా, పొద్దున్నుంచి తినలేదు అనింది. తిన్నాడంట. మర్నాడు పోయి పాలెగానికి గడ్డం కూడా గీసినాడంట, పోకపోతే ఎట్ల బతికేది? వారం తిరక్కముందే సుంకన్న కట్టె పట్టుకుని వీధిలోకొచ్చి, ఇంటికొకరు రాండి అని అరిచినాడు. తిప్పన్న పోయి రాళ్ళు మోసినాడు. మోసి వచ్చి, సాయంత్రం వాకిట్లో గళ్ళు గీసి, రామక్కతో మొదలుపెట్టి, వచ్చినోళ్ళందరికీ ఆట నేర్పినాడంట. నేర్చుకునేవాళ్ళ పక్క మంత్రిని మొదట్నే తీసి పక్కన పెట్టేసేవాడు. ఇప్పుడు ఆడు అనేవాడు.

మా దిక్కు ఇప్పటికీ అట్లనే నేర్పుతారు. బయటూరోళ్ళు చూసి నవ్వతారు. గెలుస్తారా అంటావా? ఎక్కువసార్లు ఓడిపోతాం, అబద్ధమెందుకు. కాకపోతే మమ్మల్ని ఓడించి లేసేలోపల వాళ్ళ నడుములు పట్టేస్తాయి.