శనివారం గొంతు

అది కాదు వదినా, మళ్ళీ చెయ్యమంటే ఎలా చేస్తాను చెప్పండి? అది నేను చేసింది కాదుగా. నోట్లోంచి వచ్చేసింది. తుమ్ము వచ్చినట్టు వచ్చింది. మొన్న భలే తుమ్మావు, ఈ శనివారం కూడా సరిగ్గా అదే చోట తుమ్ము అంటే కుదురుతుందా?

కూర్చోండి ముందు. ఆ కుర్చీలో కాదు, దానికి నూనె అంటుకుని ఉంది, బట్టలు పాడవుతాయి. ఇటు, కిటికీ పక్కన బల్ల దగ్గర. నేను చెయ్యి ఆపలేను, ఏమనుకోకండి. ఇది వేడి మీద ఉండగానే వడకట్టాలి. చల్లారిందంటే సగం నూనె ఆ ఆకు పిప్పే తాగేస్తుంది.

ఊరికే కూర్చోవడం మీకు చేతకాదు కాబట్టి ఆ సీసాలకి మూతలు పెడుతూ ఉండండి. అంత గట్టిగా బిగించకండి. మన సరుకు కొనేది మొగుడూ పెళ్ళాలు, మూత తియ్యడానికి పహిల్వాన్ని పిలుచుకోరు.

ఇంతకీ మిమ్మల్ని ఆయనే పంపారా?

లేదంటారు. సరే. మీకే తోచింది, మీరే వచ్చారు. మీ తమ్ముడికి పాపం అసలు సంగతే తెలీదు. నమ్మాను.

వీడియో తీసేవాళ్ళు వస్తున్నారని నాకూ తెలుసు. ఆ పెద్ద కంపెనీ ఆవిడ వచ్చి వెనక కూర్చుంటుందనీ, నచ్చితే మన నూనెలూ మీ తమ్ముడి క్లాసూ కలిపి పది ఊళ్ళకి తీసుకెళ్తారనీ కూడా విన్నాను. సోమవారం నుంచీ ఆయన అద్దం ముందు గడ్డం అటూ ఇటూ తిప్పి చూసుకుంటుంటేనే అనుకున్నా, ఏదో ఉందని. కానీ ఎవరో చెప్పగా విని ఆవిడకి నచ్చింది నూనె కాదు, క్లాసూ కాదు, నేనన్న ఆ ఒక్క మాట అని ఇప్పుడు మీరు చెప్తేనే తెలిసింది.

"వద్దు" అన్నాను. అంతేగా. రెండక్షరాలు.

మీరెప్పుడూ లోపలికి రారు. బయట బల్ల దగ్గర పేర్లు రాసుకుంటూ కూర్చుంటారు. లోపల ఏం జరుగుతుందో చెప్తా వినండి, అప్పుడు మాట్లాడదాం.

చెప్పుల కొట్టు పైన ఆ హాల్లో పన్నెండు చాపలు, పన్నెండు జంటలు. ముందు ఒక స్టూలు. దాని మీద నేను, వాళ్ళకి వీపు పెట్టి, భుజాలూ వీపు పైభాగం కనపడేలా కుట్టించిన ఆ తెల్ల చొక్కా వేసుకుని. నా వెనక మీ తమ్ముడు. అరచేతుల్లో నూనె పోసుకుని, రెండు చేతులూ రుద్ది వెచ్చబరిచి, అప్పుడు గొంతు తీస్తారు.

శనివారం గొంతు అంటాను నేను దాన్ని. మిగతా ఆరు రోజులూ ఎక్కడ పెడతారో నాకు తెలీదు. ఇస్త్రీ చేసి బీరువాలో దాస్తారేమో. ఆ గొంతుతో ఇంట్లో నన్ను ఉప్పు అందించమని కూడా ఎప్పుడూ అడగలేదు.

"మీ భాగస్వామి ఒళ్ళు మీ సొంత ఇల్లు కాదు. మీరు అతిథి. తలుపు తట్టండి. లోపల్నుంచి జవాబు వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడండి." ఇదీ మొదటి మాట. అందరూ రాసుకుంటారు. నా మొహం ఎవరికీ కనపడదు కాబట్టి బతికిపోయాను. మా ఇంట్లో ఆ అతిథి వీధి మొగలోకి వచ్చి ఏళ్ళయింది, ఇంక తలుపు తట్టేదెక్కడ?

నవ్వండి, ఫర్లేదు. నేనూ నవ్వుకుంటూనే ఉంటాను.

తర్వాత మెడ దగ్గరికి చెయ్యి తెచ్చి, బెత్తెడు దూరంలో ఆపి, "ఇక్కడ తాకనా?" అంటారు. నేను "ఊఁ" అంటాను. అప్పుడు చెయ్యి ఆనుతుంది. భుజం దగ్గర మళ్ళీ ఆగి, "ఇక్కడ?" "ఊఁ." రెక్కల మధ్య, "ఇక్కడ?" "ఊఁ." ఇరవై నిమిషాలు. తొమ్మిదేళ్ళుగా, శనివారం శనివారం.

ఇదంతా ఆయన ఎక్కడ నేర్చుకున్నారు? తను రాసిన పుస్తకంలో అయితే "నా సుదీర్ఘ సాధనలో" అని రాసుకున్నారు. సాధనేంటి వదినా, నిచ్చెన మీంచి పడ్డారు. గోదాములో మందుల పెట్టెలు దించుతూ. కుడి భుజం బిగుసుకుపోయి ఎనిమిది నెలలు చెయ్యి పైకి లేవలేదు. చొక్కా నేనే తొడిగేదాన్ని. నువ్వుల నూనెలో ఆకులు కాచి రోజూ సాయంత్రం గోరువెచ్చగా రాసేదాన్ని. అడక్కుండా ముట్టుకున్నానా, కసిరేవారు. అందుకని వేలు పెట్టే ముందు "ఇక్కడ నొక్కనా?" అని అడిగి, ఆయన "ఊఁ" అన్నాకే నొక్కేదాన్ని. సీసా వెనక బంగారు రంగులో "అడిగి తాకండి" అని వేయించామే, దానికి మూలం ప్రేమా కాదు, సాధనా కాదు. తిట్లు తినకూడదని.

అయినా ఒకటి చెప్పాలి. ఆ రోజుల్లో మేము బావున్నాం.

నొప్పి తగ్గాక కూడా ఆయన తగ్గలేదనే అన్నారు. తగ్గిందని నాకు తెలుసు, తన బొత్తాలు తనే పెట్టుకుంటూ నా కంట పడ్డారు ఒకసారి. అయినా నూనె వెచ్చబెట్టాను. ఇంకొన్నాళ్ళకి, "నువ్వు అటు తిరుగు, ఈసారి నీకు" అన్నారు. ఏమీ చేతకాదు. పిండి పిసికినట్టు పిసికేవారు. మెల్లగా, కాదు, ఇంకాస్త కింద, అక్కడ కాసేపు ఊరికే ఉంచండి, అని నేనే చెప్పుకుంటూ వచ్చాను. నేర్చుకున్నారు. ఇవాళ ఆ హాల్లో జనం నోరెళ్ళబెట్టి చూసే పనితనమంతా నా వీపు మీద నేర్చిందే.

ఎప్పుడు ఆగిపోయిందని అడక్కండి. దానికో తేదీ లేదు. పోట్లాట లేదు. ఇంకో ఆడది లేదు, ఉంటే మీతో చెప్పుకోడానికి తేలికయ్యేది. పని పెరిగింది, అంతే. రోజంతా వాళ్ళ చేతులూ వీళ్ళ చేతులూ పట్టుకుని నేర్పించి, ఇంటికొచ్చి మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కునేవారు. "ఇవాళ్టికి ఇంకెవర్నీ ముట్టుకోలేను" అనేవారు. ఆ ఎవర్నీలో నేనూ ఉన్నానని తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

తర్వాత నా గురక ఎక్కువైందని ముందు గదిలోకి మారారు. గురక నిజమే, కాదనను. డాక్టరమ్మ పక్కకి తిరిగి పడుకోమంది, పడుకున్నాను, తగ్గింది. ఆయనకి చెప్పాను. "మంచిది" అన్నారు. పరుపు మాత్రం ముందు గదిలోనే ఉంది.

ఆ సీసా పక్కన పెట్టండి, దానికి ఇంకా పరీక్ష అవ్వలేదు. ఏ కొత్త నూనైనా నా మణికట్టు మీద రాసి ఒక రోజు చూస్తాను, దురద రాకపోతేనే అమ్మకానికి. పూర్తిగా సహజం అని పైన రాస్తాం, నిజమే. దురద మాత్రం సహజం కాదా ఏంటి?

ఏమన్నారు? మనిషంటూ ఎదురుగా ఉన్నాడు, అదే పదివేలు అంటారా?

మీ కష్టం నాకు తెలీక కాదు వదినా. అన్నయ్యగారు పోయాక ఆ ఇంట్లో మీరెలా ఉంటున్నారో చూస్తూనే ఉన్నాను. కానీ అన్నయ్యగారు ఏ పుస్తకం రాశారు చెప్పండి? మీ కాళ్ళు వాచిన రోజున ఒళ్ళో పెట్టుకుని, టీవీలో వార్తలు చూస్తూ, చూపు అటే ఉంచి నొక్కుతూ ఉండేవారు. మీరేమో ఎవరైనా చూస్తారని లాక్కునేవారు. ఆయన వార్తల్లోంచి కళ్ళు తియ్యకుండానే మళ్ళీ లాక్కునేవారు. నేను గుమ్మంలోంచి చూసి, వెనక్కి వెళ్ళి, దగ్గి, అప్పుడొచ్చాను. మీకు తెలీదులెండి.

నోరు తెరిచి అడగొచ్చుగా అంటున్నారా? అడగలేదనుకున్నారా?

మొన్న శనివారం పొద్దున ఈ పెద్ద గిన్నె ఎత్తబోయాను. మెడ కింద, ఇదిగో, ఇక్కడ పట్టేసింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆయన ఆ బల్ల దగ్గరే కూర్చుని క్లాసులో పంచే కార్డులు కత్తిరిస్తున్నారు. "కాస్త ఇక్కడ నొక్కుతారా, పట్టేసింది" అన్నాను. తలెత్తలేదు. అలాగని విసుక్కోనూ లేదు, ఉన్న మాట చెప్పాలి. మామూలుగానే అన్నారు.

"ఎలాగూ మధ్యాహ్నం క్లాసులో రాస్తాగా."

అదీ వదినా. అంతకన్నా ఏం లేదు. తిట్టలేదు, కొట్టలేదు. బయటివాళ్ళకి చెప్తే ఇందులో ఏముందమ్మా అంటారు. మీ మొహమూ అలాగే ఉంది ఇప్పుడు.

కాసేపు ఆగితే తెలుస్తుంది. నాకూ గిన్నె కడిగేదాకా తెలీలేదు.

మధ్యాహ్నం క్లాసు. స్టూలు. నూనె, గొంతు, అతిథి, గుమ్మం, అన్నీ అయ్యాయి. చెయ్యి మెడ దగ్గరికొచ్చి ఆగింది, సరిగ్గా ఆ పట్టేసిన చోటే. "ఇక్కడ తాకనా?" ఎంత మెత్తగా అడిగారంటే, రాయైనా ఊఁ అనేస్తుంది. ఆ చెయ్యి పడితే హాయిగా ఉంటుందని నా మెడకి తెలుసు. అది అప్పుడే వంగింది కూడా. నోరు మాత్రం వద్దంది.

హాల్లో ఫ్యాను చప్పుడు వినపడింది. చెయ్యి వెనక్కి పోయింది. నూనె చుక్క ఒకటి వీపు మీద పడి కిందికి జారింది. ఇప్పుడు వంగి, జనానికి వినపడకుండా, "ఏమైంది?" అంటారనుకున్నాను. ఒక్క ముక్క. శనివారం గొంతుతో కూడా అక్కర్లేదు, ఉత్త గొంతుతో చాలు.

జనం వైపు తిరిగారు. "చూశారా? నేను చెప్పేది ఇదే. కాదన్న చోట ఆగిపోవడమే ప్రేమ."

చప్పట్లు కొట్టారు వదినా.

ముందు చాప మీద ఒకావిడ ఏడ్చేసింది. అయిపోయాక నా చేతులు పట్టుకుని, "మీరు అదృష్టవంతులండీ. మా ఆయన ఒక్కసారి అలా ఆగితే చాలు" అంది. ఆవిడ గోడు నాదానికన్నా పెద్దది. మీ తమ్ముడు చెప్పే మాట ఆవిడకి మందే. తప్పుడు మాట ఒక్కటీ చెప్పరు ఆయన, అదేగా వచ్చిన చిక్కు. ఒక సీసా ఆవిడ సంచిలో పెట్టి పంపాను.

ఇంటికొస్తూ బస్సులో ఏమన్నారో తెలుసా? "భలే సమయానికి అన్నావు. ముందే చెప్పుంటే ఇంకా బాగా వాడుకునేవాణ్ణి."

ఆదివారం అడుగుతారని చూశాను. సోమవారం చూశాను. మంగళవారం నా మెడ మీద పట్టీ కనపడి, "ఏమైంది?" అన్నారు. ఆశ చావదు కదా, చేతిలో పని కూడా కింద పెట్టాను. "పట్టేసింది, ఆ రోజు చెప్పానుగా" అన్నాను. "శనివారానికి తగ్గిపోతుందిగా?" అన్నారు.

ఇప్పుడేమో మీరొచ్చారు. ప్రతివారం అదే చోట వద్దనమంటారు. ఇష్టం లేకపోతే నువ్వు స్టూలు దిగిపో, నాటకాల్లో వేసే అమ్మాయి ఒకతి ఉంది, ఆమెని కూర్చోబెడదాం అంటారు. బెదిరింపు కాదులెండి, నాకు విశ్రాంతి అని చెప్తున్నారు, అర్థమైంది. మంచి ఏర్పాటే. అనమన్న చోట అంటుంది, ఆపమన్న చోట ఆపుతుంది. ఆమెకి మెడ కూడా పట్టెయ్యదు.

నేనూ దిగిపోదామనే అనుకున్నాను. మూడు రోజులుగా అదే ఆలోచన. రేపట్నుంచి రాను, మీ క్లాసు మీరు చేసుకోండి అని చెప్పేద్దామని నోటిదాకా తెచ్చుకున్నాను.

చెప్పలేకపోయాను.

ఆ మూతలు కాసేపు ఆపండి. ఇది మీ తమ్ముడి చెవిన పడకూడదు.

ఇన్నేళ్ళుగా ఆ స్టూలు మీద నేను ఊఁ అంటే, అది క్లాసు కోసం అంటున్నాననుకున్నారు అందరూ. ఆయనతో సహా. కాదు వదినా. ఒక్క ఊఁ కూడా క్లాసు కోసం కాదు. వారానికి ఇరవై నిమిషాలు నా మొగుడు నన్ను అడుగుతాడు, ఆగుతాడు, నేను చెప్పేది వింటాడు, అప్పుడు ముట్టుకుంటాడు. ఇరవై నలుగురు చూస్తుంటేనేం. శుక్రవారం సాయంత్రం నేను తలస్నానం చేసేదీ, మెడ దగ్గర జుట్టు సరిచేసుకునేదీ ఎవరి కోసమనుకున్నారు? సిగ్గు లేదా అనండి. లేదు. ఆకలి ముందు సిగ్గేంటి?

మొన్నటి వద్దు కూడా అలాంటిదే. అదీ నిజమే.

ఇప్పుడు ఆ స్టూలు దిగితే నాకు ఆ ఇరవై నిమిషాలూ ఉండవు. అందుకని వస్తాను. మెడ దగ్గర అనాలో, భుజం దగ్గర అనాలో, వీడియోకి ఏది బావుంటుందో కనుక్కుని చెప్పండి, అక్కడే అంటాను. ఈసారి నటిస్తాను. ఇన్నాళ్ళూ ఆయనొక్కరే కదా నటిస్తోంది. ఇప్పుడు నేనూ మొదలుపెడితే, మొగుడూ పెళ్ళాం ఒక్క మాట మీద ఉన్నట్టవుతుంది.

మీరెందుకు ఏడవడం? కాస్త పక్కకి జరగండి, నీళ్ళు పడితే నూనె పాడైపోతుంది.

వెళ్ళి మీ తమ్ముడికి చెప్పండి, ఒప్పుకుందని. ఎందుకు ఒప్పుకుందని అడిగితే ఏం చెప్పాలా అని దారి పొడుగునా బెంగపెట్టుకోకండి.

అడగరు.