యిన్ మావ వెనకాల పడ్డ దయ్యం

మా సందు చివరి టీ కొట్టులో యిన్ మావ నోరు విప్పాడంటే చేతిలో టీ చల్లారిపోయినా ఎవరికీ తెలియదు. కొట్టు ఆయన భార్య హువాయిన్ అత్తది. ఆవిడ కెటిల్ పట్టుకుని బల్లల మధ్య తిరుగుతూ టీ ఆకు వేసిన కప్పుల్లో వేణ్ణీళ్ళు పోస్తుంటుంది, ఆయన కోతలు కోస్తుంటాడు. నాది ఎదురుగా ఉన్న క్షవరం కొట్టు. గిరాకీ లేనప్పుడల్లా ఇక్కడే ఉంటాను. నిజం చెప్పొద్దూ, గిరాకీ ఉన్నప్పుడు కూడా ఇక్కడే ఉంటాను.

ఆ మధ్యాహ్నం ఆయన కొత్త చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు. దానికి కారణముంది. యుద్ధం రోజుల్లో జపాను విమానాలతో తలపడడానికి అమెరికా నుంచి చైనాకి తమంతట తామే వచ్చిన పైలట్లు కొందరు, ఇప్పుడు పండు ముసలివాళ్ళు, మర్నాడు మా కున్మింగ్ ఊరికి వస్తున్నారు. పాత విమానాల మైదానంలో వాళ్ళకి సన్మానం. ఆ మైదానంలో ఆనాడు పనిచేసినవాళ్ళలో మా సందు నుంచి ఒకరికి వేదిక మీద వాళ్ళ పక్కన కుర్చీ వేస్తారట. ఎవరో తేల్చుకు రమ్మని వీధి కమిటీ వాళ్ళు లూ అనే అమ్మాయిని పంపారు. ఆ కుర్చీ కోసం యిన్ మావ చలికాలం నుంచీ కలవరిస్తున్నాడు.

"మీరేం పని చేశారో చెప్పండి చాలు తాతగారూ. మీరు చేస్తుండగా చూసినవాళ్ళు ఇంకొకరు అవునంటే, కుర్చీ మీదే," అంది లూ.

"పనా? పెద్దగా ఏం లేదమ్మా. రోలరు లాగాను." ఆయన కప్పు మీద మూత తీసి ఓ గుక్క తాగాడు. "మనిషికంటే ఎత్తు రాతి రోలరు, దానికి తాళ్ళు, తాళ్ళకి ఊళ్ళకి ఊళ్ళు జనం, ఆడా మగా అందరూనూ. ముందు తాడు నాది. ఓ రోజు ఏమైందో తెలుసా? అందరూ నూడుల్స్ తినడానికి పోయారు. ఊరికే కూర్చోవడమెందుకులే అని తాడు భుజానేసుకుని ఒక్కణ్ణే లాగుతూ పోయాను. వాళ్ళు మూతి తుడుచుకుంటూ వచ్చేసరికి మైదానం అయిపోయింది, ఆ ఊపులో ఆగలేక ఎవరిదో క్యాబేజీ తోట కూడా చదును చేసేశాను."

"తోట వాళ్ళు ఊరుకున్నారా మావా?" అన్నాను.

"ఊరుకోకేం? మర్నాడు అక్కడే ఓ విమానం దిగింది. క్యాబేజీ మీద విమానం దిగుతుందా నువ్వే చెప్పు! సరే, విమానాలొచ్చాయి. ఆ కుర్రాళ్ళు విమానం మూతి మీద పెద్ద నోరు గీశారు, నోటి నిండా పళ్ళు. అది సొరచేపట. మన కొండల్లో సొరచేపని చూసినవాడెవడు? ఇంత నోరు, ఇన్ని పళ్ళు ఉన్నది మాకు తెలిసి ఒక్కటే. 'పులిరోయ్!' అని అరిచాను. అంతే, ఆ రోజు నుంచి లోకమంతా వాళ్ళని ఎగిరే పులులంది."

ఎప్పుడూ మూల బల్ల దగ్గర కూర్చునే షె మాస్టారు దగ్గాడు. "ఆ పేరు పేపరు వాళ్ళు పెట్టారయ్యా."

"పేపరువాడు నా వెనకే నిలబడ్డాడు మాస్టారూ. చెవులున్నాయి కదా వాడికి!" యిన్ మావ పొద్దుతిరుగుడు గింజ కొరికి తొక్క ఉమ్మాడు. తర్వాత గొంతు కొంచెం మెత్తబడింది. "మంచి కుర్రాళ్ళమ్మా. నా ఈడు వాళ్ళే. ఎండుగడ్డి రంగు జుట్టు. మన మిరపకాయ కొరికితే కళ్ళ నీళ్ళు పెట్టుకునేవాళ్ళు, అయినా ఇంకోటి అడిగేవాళ్ళు. వాళ్ళ ఊరు కాదు, వాళ్ళ వాళ్ళెవరూ ఇక్కడ లేరు. మన ఇళ్ళ మీద బాంబులు పడకుండా పొద్దున్నే పైకి లేచిపోయేవాళ్ళు. ఆ ఇంజను మోత ఇప్పుడు వినిపిస్తే చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుతాను."

"పరిగెత్తడంలో నిన్ను మించినవాడు లేడులే," అంది హువాయిన్ అత్త, నా కప్పులో నీళ్ళు పోస్తూ.

"చూశావా, మా ఆవిడే ఒప్పుకుంది! అసలు కథ అక్కడే మొదలు. చిన్నప్పటి నుంచి నా వెనకాల ఓ దయ్యం ఉండేది. నేను మేత వేస్తే పంది చచ్చేది, నేను గొడుగు తీసుకెళ్తే వాన ఆగిపోయేది. జనం నన్ను చూసి పక్కకి తప్పుకునేవాళ్ళు, నేనూ తల దించుకుని గోడ వారగా నడిచేవాణ్ణి. దీనికి మా పెద్దవాళ్ళు మందు కనిపెట్టారు. విమానం ముందు పంకా గిర్రున తిరుగుతుంటే దానికి అంగుళం దూరంలో అడ్డంగా పరిగెత్తాలి. మనం దాటేస్తాం, వెనక వస్తున్న దయ్యం ముక్కలైపోతుంది. జనం అలా పరిగెడుతుంటే పైలట్లు జుట్టు పీక్కునేవాళ్ళు. ఓ పొద్దున నేనూ పరిగెత్తాను. పంకా దగ్గరికొచ్చేసరికి వెనక నుంచి ఒక చెయ్యి నా చొక్కా పట్టుకుంది. దయ్యం చెయ్యి! లాగింది, నేనూ లాగాను, చొక్కా పర్రున చిరిగింది, నేను బురదలో పడ్డాను. లేచి చూస్తే నా వెనక చొక్కా లేదు, దయ్యమూ లేదు. ఒళ్ళు దూదిలా తేలికైపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పండి," అంది లూ. నవ్వు ఆపుకుంటోంది.

"తెగిన దయ్యం పోయి పంకాకి చుట్టుకుంది! విమానం పైకి లేవడం లేదు, దగ్గుతోంది. ఆ పైలట్ నా స్నేహితుడు హోబా. వాళ్ళమ్మ పెట్టిన పేరు హోబార్టో ఏదో, అంత పేరు పిలిచేలోగా యుద్ధం అయిపోతుంది. వాడికి మన భాషలో వచ్చింది ఒక్కటే మాట, బొటనవేలెత్తి 'దింగ్ హావ్' అనడం, అంటే భేషని. బాగున్నా అదే, బాగోకపోయినా అదే. ఆ వేళ కొండ మీద స్తంభానికి ఎర్ర బంతులు కట్టారు, శత్రువులొస్తున్నారని. ఊరంతా కొండల్లోకి పరిగెత్తింది. నేను ఎదురు పరిగెత్తి హోబా విమానం ఎక్కేశాను. నా దయ్యం నా మాటైతే వింటుంది కదా!"

"అందులో ఒక్కడే కూర్చోగలడు," అన్నాడు మాస్టారు.

"కూర్చున్నానని అన్నానా? రెక్క మీద నిలబడ్డాను. పైకి వెళ్ళి చూద్దును కదా, జపాను విమానాలు ఎన్నున్నాయంటే, కింద ఆరేసిన బట్టలు మూడు రోజులు ఆరలేదు. హోబా కాల్చి కాల్చి గుళ్ళు అయిపోయాయి. నా దగ్గర మా అమ్మ కట్టిచ్చిన ఊరుమిరపకాయల జాడీ ఉంది. మూత తీసి గాలికి ఎదురుగా పట్టాను. ముందున్న పైలట్ తుమ్మాడు. పక్కవాడు తుమ్మాడు. ఆకాశమంతా ఒకటే తుమ్ములు, ఒకణ్ణి ఒకడు గుద్దుకుని రాలిపోయారు. తిరిగొస్తుంటే పెట్రోలు అయిపోయింది. నా సీసాలో సారా పోశాను. ఇక చూడు, విమానం తూలుకుంటూ, దారిలో ప్రతి మబ్బుకీ నమస్కారం పెట్టుకుంటూ వచ్చింది. దిగబోతే చక్రాలు బయటికి రాలేదు. అప్పుడేం చేశాననుకున్నావు? రెక్క పట్టుకుని వేలాడి, కాళ్ళు నేలకి ఆనించి నేనే పరిగెత్తాను! నేను చదును చేసిన నేల కదా, ఎక్కడ ఏ రాయి ఉందో నా పాదాలకి తెలుసు."

కొట్టంతా గొల్లుమంది. లూ కళ్ళు తుడుచుకుంది, తర్వాత బాధగా ఆయన వైపు చూసింది. "తాతగారూ, ఇంత నవ్వి ఎన్నాళ్ళైందో. కానీ ఇది పట్టుకెళ్ళి చెబితే నన్ను నమ్మరు. మిమ్మల్ని అక్కడ చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఆ హోబా గారు రేపు వస్తున్నారా?"

యిన్ మావ చేతిలో గింజలు బల్ల మీద పెట్టేశాడు.

"హోబా రాడమ్మా. ఓ ముసురు రోజు పొద్దున వెళ్ళాడు. వేడి నూడుల్స్ గిన్నె మీద టోపీ బోర్లించి మైదానం అంచున కూర్చున్నాను, వస్తే తింటాడని. చీకటి పడేదాకా కూర్చున్నాను." కప్పు మీద మూత పెట్టేశాడు. "రోలరు లాగినవాళ్ళు కూడా ఎవరూ మిగల్లేదు. అందరూ పోయారు. రేపు ఆ ముసలాళ్ళ పక్కన కూర్చుని వాడి గురించి ఒక్కసారి అడుగుదామనుకున్నాను, అంతే. పోనీలే."

ఆ మనిషి తల దించుకోవడం నేనదే మొదటిసారి చూడడం.

హువాయిన్ అత్త కెటిల్ ఠక్కున బల్ల మీద పెట్టింది.

"రెక్క ఎక్కడం అబద్ధం. మిరపకాయలు అబద్ధం. సారా ఉంటే విమానానికి పోసేవాడు కాదు, తనే తాగేవాడు," అంది. "ఒక్కణ్ణే రోలరు లాగానన్నాడే, తాడు పట్టుకుని నిద్రపోయేవాడు, వెనకవాళ్ళం మేం నెట్టేవాళ్ళం."

"మేమా?" అంది లూ. "మీరూ అక్కడున్నారా అమ్మమ్మా?"

"కంకర తట్టలు మోసేదాన్ని, వందలమందిలో ఒకదాన్ని, ఈయనకి ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. పంకా ముందు పరిగెత్తాడు చూడు, అదొక్కటీ నిజం. నా కళ్ళతో చూశాను. కానీ వాడి వెనకాల పడింది దయ్యం కాదు. నేను." అత్త మా అందరి వైపు చూసింది. "ఆ అడుగు ఆపకపోతే తెగేది వాడి తల. తట్ట పారేసి, పరిగెత్తి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. చొక్కా చిరిగి నా చేతిలోకొచ్చింది, వాడు బురదలో పడ్డాడు. ఆ కుర్రాడు, హోబా, ఇంజను ఆపి దూకి వచ్చి వాణ్ణి ఎడాపెడా తిట్టాడు. తర్వాత నన్ను చూసి బొటనవేలెత్తి 'దింగ్ హావ్' అన్నాడు."

"అయితే ఆ దయ్యం తెగలేదా అత్తా?" అన్నాను.

"ఎక్కడ తెగింది? మరుసటేడు దాన్నే పెళ్ళి చేసుకున్నాడు."

షె మాస్టారు నవ్వి నవ్వి టీ ఒలకబోసుకున్నాడు. యిన్ మావ మాత్రం నోరు తెరిచి భార్యనే చూస్తున్నాడు, విమానం మీద గీసిన నోరులాగే.

"ఇన్నేళ్ళూ చెప్పలేదేమే?"

"బురదలోంచి లేచి, దయ్యం వదిలింది, దయ్యం వదిలింది అని చంకలు గుద్దుకుంటూ పోయావు. అప్పటిదాకా తలెత్తి నడవని మనిషివి. ఆ మర్నాటి నుంచి నడిరోడ్డు మీద నడిచావు, నలుగురితో మాట్లాడావు. నాకు చూడ్డానికి బాగుండేది. ఎందుకు చెప్పాలి?"

యిన్ మావ కళ్ళు తడయ్యాయి. సిగ్గుపడలేదు, తుడుచుకోనూ లేదు.

లూ లేచి నిలబడింది. "చూసినవాళ్ళు దొరికారు కాబట్టి ఇబ్బంది లేదు. కానీ కుర్చీ ఒక్కటే. న్యాయంగా అది మీకివ్వాలి అమ్మమ్మా."

"నాకెందుకు? హోబా గురించి అడగాల్సింది ఆయన. ఆయన్నే కూర్చోబెట్టు. నేను వెనకాల నిలబడతాను, నాకలవాటే." అత్త కెటిల్ తీసుకుని, మొగుడి కాలరు సవరించింది. "కానీ అక్కడ విమానం ఏదైనా నిలబెట్టి ఉంటే పంకా జోలికి మాత్రం పోకు. చొక్కా కొత్తది."